వెనకాల ఎవరో ఉన్నారు: తెలుగు తెర మీద స్లాషర్ జాడ

హైదరాబాద్‌లో తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా యూనివర్సిటీ లోపలికి తిరిగితే ఊరి రొద ఒక్కసారిగా తగ్గిపోతుంది. రెండు పక్కలా చెట్లు, వాటి వెనక దూరదూరంగా హాస్టళ్లు. పొద్దుగూకాక ఒక లైటు స్తంభానికీ ఇంకో స్తంభానికీ మధ్య ఎదురొచ్చే మనిషి ముఖం ఆనవాలు పట్టడం కష్టం. ఇంకాస్త ముందుకెళ్తే 1939 నాటి ఆర్ట్స్ కాలేజీ రాతి కట్టడం చీకట్లో కోటలా నిలబడి ఉంటుంది. ఏ అమెరికాలోనో కెనడాలోనో ఇలాంటి ఆవరణ ఉంటే, ఓ ముసుగు మనిషి చేతికి కత్తిచ్చి ఎప్పుడో ఇక్కడ వదిలేసేవారు. సెట్టింగు ఖర్చు కూడా ఉండేది కాదు.

నిజానికి స్లాషర్ సినిమాకు కాలేజీయే పుట్టిల్లు. 1974లో కెనడాలో బాబ్ క్లార్క్ తీసిన ‘బ్లాక్ క్రిస్మస్’ కథంతా అమ్మాయిల వసతి గృహంలోనే నడుస్తుంది. బెదిరింపు ఫోన్లు బయటి నుంచి కాక ఆ ఇంట్లోంచే వస్తున్నాయని తెలియడం ఆ సినిమాలోని అసలు దెబ్బ. ‘ఫైనల్ ఎగ్జామ్’, ‘స్క్రీమ్ 2’, ‘అర్బన్ లెజెండ్’, 2017 నాటి ‘హ్యాపీ డెత్ డే’ అన్నీ క్యాంపస్ కథలే. తెలుగు సినిమా మాత్రం కాలేజీని ప్రేమకూ కొట్లాటకూ రాసిచ్చేసింది. అక్కడ పాటలు పుట్టాయి, ‘శివ’లో సైకిల్ చైన్ ఊడింది. హంతకుడు మాత్రం రాలేదు. యాభై ఏళ్లుగా ప్రపంచ హారర్‌కు సగం మేత వేస్తున్న ఈ రకం సినిమా మన తెర మీదికి నిండు రూపంలో ఎందుకు రాలేదు, వచ్చిన కాసింతా ఏ వేషంలో వచ్చింది అన్నది వెతకదగ్గ ప్రశ్నే.

స్లాషర్ లెక్క చాలా చిన్నది. ఒక హంతకుడు, చేతిలో తుపాకీ కాకుండా కత్తి, ఒకరి తర్వాత ఒకరుగా కుర్రకారు, చివరికి మిగిలే ఒక అమ్మాయి. 1960లో హిచ్‌కాక్ ‘సైకో’, మైకేల్ పావెల్ ‘పీపింగ్ టామ్’ దీనికి విత్తనం వేశాయి. ఇటలీలో మారియో బావా, అమెరికాలో ‘టెక్సస్ చైన్ సా మసాకర్’ తీసిన టోబ్ హూపర్ నీళ్లు పోశారు. కానీ దాన్నొక ఫార్ములాగా నిలబెట్టింది 1978 అక్టోబర్ చివర్లో విడుదలైన జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’. మూడు లక్షల డాలర్ల పైచిలుకు ఖర్చు, మూడు వారాల షూటింగు, లోకమంతా కలిపి ఏడు కోట్ల డాలర్ల దాకా వసూళ్లు. హంతకుడి ముసుగు రెండు డాలర్లు కూడా చెయ్యని దుకాణం సరుకు. ‘స్టార్ ట్రెక్’ కెప్టెన్ కర్క్ ముఖానికి తెల్లరంగు పూసి వాడుకున్నారు. పియానో మీద ఐదు మాత్రల లయలో వినిపించే ఆ సంగీతం కూడా దర్శకుడిదే. మన లెక్కలో ఖండగతి. ఒక అడుగు తక్కువైనట్టు కుంటుతూ వెంటపడుతుంది. ఇంత పేరున్న సినిమాలో నెత్తురు దాదాపు కనిపించదని ఇప్పుడు చూసేవాళ్లు ఆశ్చర్యపోతారు. భయమంతా కెమెరాలో ఉంది. మొదటి దృశ్యంలోనే ప్రేక్షకుణ్ని హంతకుడి కళ్లలో కూర్చోబెట్టి ఇంట్లోకి తీసుకుపోతాడు కార్పెంటర్.

సరిగ్గా అదే అక్టోబర్ చివరి రోజుల్లో మద్రాసులో మరో సినిమా విడుదలైంది. అది భారతీరాజా మూడో చిత్రం ‘సిగప్పు రోజాక్కళ్’. మరుసటి ఏడాది ‘ఎర్ర గులాబీలు’గా తెలుగులోకి దిగింది. ఇద్దరు దర్శకులూ ఒకరి సినిమా ఒకరు చూసే వీల్లేదు. అయినా ఒకే వారంలో, భూగోళానికి అటు చివరా ఇటు చివరా, ఒకే రకం భయం తెర మీద పడింది. పల్లె కథలతో పేరు తెచ్చుకున్న భారతీరాజాకు పట్నం కథ తియ్యడం రాదన్న మాటకు జవాబుగా తీశాడంటారు. కమల్ హాసన్, శ్రీదేవి, ఇళయరాజా సంగీతం, పి.ఎస్. నివాస్ కెమెరా. అమ్మాయిల్ని నమ్మించి ఇంటికి తెచ్చి చంపి, తోటలో పూడ్చి, పైన గులాబీలు పెంచే దిలీప్ అనే ధనికుడి కథ. ఆ హత్యల్ని చిత్రీకరిస్తారు, ఇంట్లో పెద్దాయన వాటిని చూసి ఆనందిస్తాడు. ‘పీపింగ్ టామ్’ వాసన ఇక్కడే తగులుతుంది. నల్ల పిల్లి, తాళం వేసిన గది, శ్మశానంలో చివరి పరుగు: స్లాషర్‌కు కావలసిన సామగ్రి అంతా ఉంది. 1980లో ‘ఫ్రైడే ద థర్టీన్త్’ వచ్చి అమెరికాలో ఈ సరుకును సంత చెయ్యక ముందే మనవాళ్లు చూసేశారన్నమాట.

అయితే ‘ఎర్ర గులాబీలు’ గొప్పతనం ఆ సామగ్రిలో లేదు. ‘హాలోవీన్’ హంతకుడు మైకేల్ మయర్స్ ముసుగేసుకుని వస్తాడు. దిలీప్ పెళ్లికొడుకులా వస్తాడు. బట్టల దుకాణంలో పనిచేసే శారదను చూస్తాడు, మళ్లీ మళ్లీ అదే దుకాణానికి వస్తాడు, ఏదో ఒకటి కొంటాడు, మాట కలుపుతాడు, మనసు గెలుస్తాడు. ఈ దృశ్యాల్ని కత్తిరించి విడిగా చూపిస్తే ఏ ప్రేమకథలోవో అనుకుంటారు. ప్రేమకథ నడక ఒక్కటీ మార్చకుండా, ఆ నడిచేవాడు హంతకుడని మనకు ముందే చెప్పేయడమే ఆ సినిమాలోని భయం. అందుకే కాబోలు, ఆ సినిమా పేరెత్తితే ఇప్పటికీ చాలామంది తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది హత్య కాదు, అందులోని యుగళగీతం!

ఇక్కడే తెలుగు సినిమాలో స్లాషర్ ఎదగకపోవడానికి ఒక కారణం దొరుకుతుంది. అమ్మాయికి తెలియకుండా ఆమె వెనక నడవడం, ఆమె వచ్చే బస్సు వేళ కనిపెట్టడం, హాస్టల్ గోడ దగ్గర కాపు కాయడం, కిటికీలోంచి చూడటం స్లాషర్ హంతకుడికి నిత్యకృత్యాలు. మన దగ్గర ఆ పనులన్నీ అప్పటికే హీరో చేస్తున్నాడు. 2002లో ‘ఇడియట్’లోని చంటి, 2004లో ‘ఆర్య’ హీరో చేసినవన్నీ ఒక్కసారి మాటల్లేకుండా, ‘హాలోవీన్’ సంగీతం పెట్టుకుని చూడండి. హాలు ఈలలు వేసిన చోటే వెన్ను జలదరిస్తుంది. వెంటపడే చూపు మన ప్రేక్షకుడికి ప్రేమ గుర్తుగా అలవాటైపోయాక, అదే చూపుతో అతన్ని భయపెట్టడం ఏ దర్శకుడికైనా కష్టమే. భారతీరాజా ఆ అలవాటునే ఆయుధం చేసుకున్నాడు. తర్వాతి వాళ్లు ఆయన దగ్గర పిల్లినీ, గులాబీనీ, నేపథ్య సంగీతాన్నీ తీసుకున్నారు గానీ ఈ ఒక్కటీ వదిలేశారు.

ఇప్పటి కళ్లతో చూస్తే ‘ఎర్ర గులాబీలు’లో మింగుడుపడనివీ తక్కువేం లేవు. చనిపోయే అమ్మాయిలకు కథలో చోటు లేదు. షోకుగా ఉన్నందుకే శిక్ష పడ్డట్టు కనిపిస్తారు, శారద అణకువగా ఉన్నందుకు బతుకుతుంది. అమెరికన్ స్లాషర్ మీద స్త్రీవాదులు పెట్టిన మొదటి ఫిర్యాదు కూడా ఇదే. సినిమా పండితురాలు కేరల్ క్లోవర్ 1987లో రాసిన వ్యాసం ఆ ఫిర్యాదును ఇంకో మలుపు తిప్పింది. మొదట హంతకుడి కళ్లతో చూసే మగ ప్రేక్షకుడు చివరికి వచ్చేసరికి చావును తప్పించుకునే అమ్మాయి పక్షం చేరిపోతాడని ఆమె వాదం. ‘ఫైనల్ గర్ల్’ అనే పేరు అక్కడి నుంచే వచ్చింది. శారదను ఆ వరసలో సగం మాత్రమే నిలబెట్టగలం. ఆమె కనిపెడుతుంది, పారిపోతుంది, బతుకుతుంది. తిరగబడదు.

అంతకన్నా పెద్ద తేడా కారణం దగ్గర వచ్చింది. మైకేల్ మయర్స్ ఎందుకు చంపుతాడో ‘హాలోవీన్’ చెప్పదు. వాడికి వైద్యం చేసిన డాక్టర్ లూమిస్ చేతులెత్తేసి వాడొక చెడు అంటాడు, అంతే. దిలీప్‌కు మాత్రం పెద్ద ఫ్లాష్‌బ్యాక్ ఉంది. అనాథ పిల్లవాడు, ఒక ఇంటి అమ్మాయి వేసిన నింద, తిన్న దెబ్బలు, చేరదీసిన ఇంట్లో కళ్లారా చూసిన ద్రోహం, హత్య. అన్నీ కలిపి వాడి మీద జాలి పుట్టేలా లెక్క సరిచేశారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా తెలుగు తెర మీద కత్తి పట్టినవాడెవడూ ఫ్లాష్‌బ్యాక్ లేకుండా చావలేదు. మన ప్రేక్షకుడికి కర్మ లెక్క తేలాలి, ఊరికే చంపాడంటే ఒప్పుకోడు అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఈ జబ్బు మనదొక్కటే కాదు. 1981లో రెండో ‘హాలోవీన్’ మైకేల్‌కు చెల్లెల్ని తగిలించి, మొదటి సినిమాలోని మిస్టరీకి తనే నీళ్లొదిలింది. మొత్తం 13 సినిమాల ఆ వరస తిరిగి తిరిగి 2018లో ఆ చుట్టరికాన్ని కొట్టేసి మొదటికొచ్చింది.

1985లో వంశీ ‘అన్వేషణ’ ఇంకో దారి పట్టింది. పక్షుల కూతల్లో సంగీతం మూలాలు వెతకాలని అడవికి వచ్చే అమ్మాయిగా భానుప్రియ నటించింది. అంటే స్లాషర్‌కు సరిపడే పరిశోధక విద్యార్థిని కాలేజీ వదిలి తనే హత్యలు జరిగే చోటికి వచ్చిందన్నమాట. తలకోన చెట్ల మధ్య పరుగెత్తే ఆడమనిషి, కనిపించని వేటగాడు, నేరం పులి మీదికి. ఎం.వి. రఘు కెమెరా, ఇళయరాజా నేపథ్య సంగీతం చేసిన పని నలభై ఏళ్లయినా పాతబడలేదు. పాటలు తీసేస్తే అచ్చమైన స్లాషర్ మిగులుతుందని చెప్పాలనిపిస్తుంది గానీ, పాటలు తీసేస్తే అది వంశీ సినిమా కాదు. పైగా అందులో ప్రేక్షకుడు వెతికేది హంతకుడెవరన్న సంగతి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలల మీద పెరిగిన తరానికి ఆ ఆటే ఇష్టం. స్లాషర్‌లో ‘ఎవరు’ కన్నా ‘ఎప్పుడు’ ముఖ్యం. మనవాళ్లకు ఎప్పుడూ ‘ఎవరు’ కావాలి.

పాటల సంగతికి ఓ సిద్ధాంత బలం కూడా ఉంది, అదీ తార్నాక నుంచే. ఇక్కడి ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ)ని పాతవాళ్లు ఇప్పటికీ సీఫెల్ అనే పిలుస్తారు. అక్కడ ఆచార్యుడిగా పనిచేసిన ఎం. మాధవ ప్రసాద్ 1998లో హిందీ సినిమా భావజాలం మీద వచ్చిన తన పుస్తకంలో ఒక మాట చెప్పాడు. మన సినిమా కథ చుట్టూ పెరిగేది కాదు. గడియారం విడిభాగాల్లాగా పాట, ఫైటు, మాటలు, కామెడీ వేర్వేరు చోట్ల తయారై చివరికి ఒకచోట చేరతాయి, కథ కూడా అందులో ఒక భాగం మాత్రమే. ఆయన రాసింది హిందీ గురించే అయినా తెలుగుకు ఇంకా బాగా అతుకుతుంది. స్లాషర్ అలా విడిభాగాలతో కుదిరేది కాదు. తొంభై నిమిషాలు ఒకే తాడు బిగుస్తూ పోవాలి. మధ్యలో బ్రహ్మానందం వస్తే తాడు తెగుతుంది. అందుకని స్లాషర్ మన దగ్గరికి సినిమాగా రాకుండా విడిభాగాలుగా వచ్చింది. కెమెరా ఒకరు, శబ్దం ఒకరు, ముసుగు ఇంకొకరు పట్టుకుపోయారు.

కెమెరాను పట్టుకుపోయినవాడు రామ్‌గోపాల్ వర్మ. అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల షాపు నడిపిన వర్మకు హాలీవుడ్ హారర్ నోటికొచ్చిన పాఠం. ఆ రోజుల్లో ఇంగ్లిష్ సినిమా కావాలంటే యూనివర్సిటీ కుర్రాళ్లు సికింద్రాబాద్ సంగీత్‌కో బషీర్‌బాగ్ స్కైలైన్‌కో పోవాలి, లేదా ఇలాంటి షాపులో క్యాసెట్ అద్దెకు తెచ్చుకోవాలి. ‘శివ’లో స్టెడీక్యామ్‌ను పరుగులకు వాడిన వర్మ, 1992 ‘రాత్రి’లో దాన్నే భయానికి వాడాడు. రేవతి వేసింది కాలేజీ అమ్మాయి పాత్ర. ఆమె వెనకాల నేలబారుగా కదిలే ఆ చూపు ‘హాలోవీన్’ చూపే, కాకపోతే వెనకాల మనిషి లేడు, దయ్యం ఉంది. 1996 ‘దెయ్యం’లోనూ అంతే. స్లాషర్ కళ్లను దయ్యానికి పెట్టడం వర్మతో మొదలై, 2012లో రవిబాబు ‘అవును’లో పరాకాష్టకు చేరింది. కొత్త కాపురం పెట్టిన ఇంట్లో పెళ్లికూతురిని ఎవరో చూస్తూ ఉంటారు. చూసేవాడు చచ్చిపోయిన కెప్టెన్ రాజు అనే మనిషి. కామంతో చూసే ఆ చూపును ప్రేమగా పొరబడే అవకాశమే ఇవ్వని తెలుగు సినిమా అది. అందుకు దర్శకుడు వాణ్ని ముందే చంపెయ్యాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

రవిబాబు స్లాషర్‌కు అంతకుముందే ఇంకా దగ్గరగా వచ్చాడు. 2007 ‘అనసూయ’లో హంతకుడు తనే. ఒక్కొక్కరి ఒంటిలోంచి ఒక్కో అవయవం తీసుకుని గులాబీ వదిలిపోతాడు. వెంటాడేది భూమిక వేసిన అనసూయ, పోలీసు కాదు. రక్తం ఉంది, వరస ఉంది, ఎదురునిలిచే ఆడపిల్ల ఉంది. తీరా చూస్తే హంతకుడు చచ్చిపోయిన ప్రియురాలి అవయవాల్ని తిరిగి పోగుచేస్తున్నాడు. ఇంతా చేసి మళ్లీ ప్రేమకథే! ఆ మలుపు తెలివైనదే, ఒప్పుకోవాలి. కానీ ‘ఎర్ర గులాబీలు’ తలకిందులు చేసిన లెక్కను ఇది మళ్లీ సరిగ్గా నిలబెట్టేసింది. ప్రేమికుడి వేషంలో హంతకుడు అక్కడ, హంతకుడి వేషంలో ప్రేమికుడు ఇక్కడ. 2005లో శేఖర్ సూరి ‘ఎ ఫిల్మ్ బై అరవింద్’ మాత్రం, కాగితం మీదున్న స్క్రిప్టు ప్రకారమే సంఘటనలు జరిగేలా కథ నడిపి, ‘స్క్రీమ్’ తరహాలో సినిమాతోనే సినిమాను ఆటపట్టించింది. దానికి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు.

చివరిదాకా నిలిచే అమ్మాయి కూడా విడిభాగంగానే వచ్చింది. 2009 ‘అరుంధతి’లో అనుష్క దయ్యమైన పశుపతిని ఎదుర్కొనేది తన పూర్వజన్మ ఎముకలతో చేసిన ఆయుధంతో. ఫైనల్ గర్ల్‌కు ఇంతకన్నా భారీ కత్తి ఏ దేశమూ ఇవ్వలేదు. కాకపోతే ఆమె గద్వాల సంస్థానపు రాణి, జేజెమ్మ. హాస్టల్ గదిలో ఉండే మామూలు పిల్ల కాదు.

వ్యాపారం లెక్కలూ ఉన్నాయి. నెత్తురు చూపిస్తే ‘ఏ’ సర్టిఫికెట్, ‘ఏ’ సర్టిఫికెట్ వస్తే టీవీలో వెయ్యడానికి వీల్లేదు, మళ్లీ కత్తిరించి యూ/ఏ తెచ్చుకోవాలి. శాటిలైట్ హక్కుల మీద బతికిన ఏళ్లలో ఏ నిర్మాతా ఆ జోలికి పోడు. దయ్యానికి కామెడీ కలిపితే ఇంటిల్లిపాదీ వస్తారని 2013లో ‘ప్రేమకథాచిత్రమ్’ రుజువు చేశాక, తర్వాతి కొన్నేళ్లు ఆ వరదలోనే పోయాయి. హిందీవాళ్లు 2003లో ‘కుచ్ తో హై’, ‘ధుంద్’, ‘శ్‌శ్‌శ్...’ అంటూ అమెరికన్ కుర్రకారు స్లాషర్లను ఉన్నవి ఉన్నట్టు దించుకుని చేతులు కాల్చుకున్నారు. అది చూసి మనవాళ్లు జాగ్రత్తపడ్డారనుకోవాలి.

క్యాంపస్‌కు మళ్లీ వద్దాం, ఎందుకంటే అసలు చిక్కుముడి అక్కడే ఉంది. అమెరికన్ స్లాషర్‌లో కాలేజీ అంటే ఏ గొడవా లేని చోటు. బయటి నుంచి చెడు వచ్చి పడాలి. ఉస్మానియాకు అలాంటి అమాయకత్వం ఎన్నడూ లేదు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 ఏప్రిల్ 14న హాస్టల్ దగ్గర విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య, 2009 తర్వాత మలివిడత ఉద్యమంలో లాఠీలూ బాష్పవాయువూ. ఇక్కడ హింసకు పేరుంది, జెండా ఉంది, కారణం ఉంది. వాదించుకోవడానికి రెండు పక్షాలున్నాయి. ముఖం లేని, మాట లేని, ఎందుకు చంపుతున్నాడో చెప్పని మనిషిని ఈ ఆవరణలో పెడితే, కుర్రాళ్లు భయపడే ముందు వాడు ఏ సంఘం వాడని అడుగుతారు. 2019లో జీవన్‌రెడ్డి తీసిన ‘జార్జిరెడ్డి’లోని కత్తి దృశ్యాలు ఏ స్లాషర్‌కూ తీసిపోవు. కానీ చూసేవాడికి కలిగేది భయం కాదు, కోపం.

ఇలా ఉంటుండగా బయట ఒక మార్పు జరిగింది. 2013 నేరచట్ట సవరణ అమ్మాయి వెంటపడటాన్ని శిక్షించదగ్గ నేరంగా రాసింది. 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో షీ టీమ్స్ వచ్చాయి. మఫ్టీలో పోలీసులు బస్టాపుల్లో నిలబడి, వెంటపడేవాణ్ని వీడియో తీసి పట్టుకోవడం మొదలైంది. నలభై ఏళ్లు హీరో చూపుగా చలామణీ అయినది సాక్ష్యంగా మారింది. తెలుగులో వరస హత్యల సినిమాలు ఊపందుకున్నది ఆ తర్వాతే: 2019లో తమిళ ‘రాచ్చసన్’ను తెలుగు చేసిన ‘రాక్షసుడు’, 2020లో శైలేష్ కొలను ‘హిట్’, 2022లో దాని రెండో కేసు. ఒకదానికి ఇంకొకటే కారణం అనలేం గానీ, రెంటికీ పొత్తు లేదనుకోవడమూ కష్టమే. ఈ సినిమాల్లో భయం బాగుంది, కొన్నిచోట్ల చాలా బాగుంది. ‘రాక్షసుడు’లో బడి పిల్లల దృశ్యాలు ఊపిరి ఆపేస్తాయి. లోటు ఒక్కటే. చివరి అమ్మాయి ఉండాల్సిన చోట పోలీసు అధికారి వచ్చి కూర్చున్నాడు. ఆమె బతకడం మానేసి బతికించబడుతోంది.

ముసుగు కూడా ఆలస్యంగానైనా మన ఊరిది దొరికింది. 2024 ‘భూతద్దం భాస్కర్ నారాయణ’లో హంతకుడు ఆడవాళ్ల తలలు తీసేసి ఆ చోట దిష్టిబొమ్మ తల పెట్టి వెళ్తాడు. కట్టే ప్రతి ఇంటి ముందూ వేలాడే ఆ బొమ్మ ఇన్నాళ్లూ ఏ దర్శకుడి కంటా పడకపోవడం వింతే. కర్క్ ముసుగుకు తెల్లరంగు పూసిన పనికి ఇది దీటుగా నిలుస్తుంది. సినిమా మాత్రం డిటెక్టివ్ దారిలోనే పోయి, పురాణంలో కారణం వెతుక్కుంది.

స్లాషర్ చివరి అంకాన్ని అందరికన్నా నిజాయితీగా తీసింది 2022లో సాయికిరణ్ ‘మసూద’ అనిపిస్తుంది. అదీ దయ్యం సినిమాయే. ఫ్లాష్‌బ్యాక్ ఉంది, మంత్రం ఉంది. అయితే నల్ల బురఖాలో, చేతిలో కత్తితో, తొందరేం లేనట్టు నడిచొచ్చే ఆ ఆకారం మైకేల్ మయర్స్‌కు నేరుగా వారసురాలు. దాని ఎదురుగా నిలబడ్డవాడు హీరో కాదు. తిరువీర్ వేసిన గోపి అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు. పిరికివాడు, అరుస్తాడు, వణుకుతాడు, పడిపోతాడు, మళ్లీ లేస్తాడు. క్లోవర్ రాసిన ఆ అమ్మాయి చెయ్యాల్సినవన్నీ అతనే చేస్తాడు. ఈలలు వేయించుకునే ఒక్క నడకా లేకుండా ఆ పాత్రను రాయడానికి తెలుగు సినిమాకు 1979 నుంచి నలభై ఏళ్లకు పైగా పట్టింది. గోపి చోటులో ఇఫ్లూ హాస్టల్ పిల్లనో ఉస్మానియా పరిశోధక విద్యార్థినినో ఊహించుకుని రాసిన కథకు ఇప్పుడైతే సెన్సారు భయం కూడా అంతగా లేదు, ఓటీటీలు కొంటాయి. రాసేవాళ్లు కావాలి, రాసి ఆ ఫ్లాష్‌బ్యాక్ పేజీలు చింపేసేవాళ్లు కావాలి.